అమెరికా ఎన్నికయు, మన ఓటును

2024వ సంవత్సరము నవంబరు నెలలో మన నాందేడు వారికి రెండు ఎన్నికలు తటస్థించినవి. ఒకటి 5వ తేదీన జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నిక. రెండవది 20వ తేదీన మన గుమ్మము ముందరనే జరిగిన లోక్‌సభ ఉప ఎన్నిక. దానితోపాటు మహారాష్ట్ర శాసనసభ ఎన్నికయును. మొదటిదానిని గూర్చి మనవారు ఆరు నెలలు వాదించిరి. రెండవదానిని గూర్చి మన సంఘ పఠన మందిరములో ఆరు గంటలైనను చర్చ జరిగిన జ్ఞాపకము మాకు లేదు. మొదటిదానిలో మనకు ఓటు లేదు. రెండవదానిలో ఉన్నది.

ఈ పాత మాట ఇప్పుడెందుకని చదువరులు అడుగవచ్చును. 2028వ సంవత్సరపు అమెరికా ఎన్నికకు ఏ పార్టీ ఎవరిని నిలుపును, శ్రీ వాన్సునకు టికెట్టు దొరకునా, దొరకినచో గెలుచునా అను తర్కము పఠన మందిరములో మరల మొదలైనది. పోయిన గురువారము రాత్రి తాళము వేయుటకు కాపలావాడు వచ్చి నిలుచున్నను వాదము తెగలేదు. అందుచేత మా అనుభవమును, దానితోపాటు మా తప్పును గూడ, సంఘీయుల ముందు ఉంచదలచినాము.

అమెరికా గొడవ మనకేల యని మేము అనుట లేదు. మన కుటుంబముల పిల్లలు అనేకులు అక్కడ చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. మోండాలో సోయాబీను, ప్రత్తి బేరము చేయువారికి అక్కడి నిర్ణయము ఇక్కడి ధరను ఎట్లు కదలించునో తెలియనిది కాదు. కావున చర్చ మంచిదే. కాని ఆ చర్చ ఏ విధముగా సాగినదో ఒకసారి తలచుకొనుడు.

2024 ఆరంభములో మా పొరుగు దుకాణపు సిక్కు సోదరునికి శ్రీమతి నిక్కీ హేలీ గెలుపుపై ఆశ యుండెను. ఆమె తలిదండ్రులు పంజాబువారు. ఆమె వెర్మాంటు రాష్ట్రములోను, వాషింగ్టన్ నగరములోను దప్ప మరెక్కడను ప్రైమరీ గెలువలేక మార్చి నెలలో తప్పుకొన్నది. జూన్ 27వ తేదీన శ్రీ బైడెన్, శ్రీ ట్రంపు ఎదురెదురుగా నిలిచి వాదించిరి. ఆ రాత్రి వృద్ధుడైన అధ్యక్షుని తడబాటు చూచి ఆయన పార్టీవారే బెదరిపోయిరి. జులై 13వ తేదీన పెన్సిల్వేనియాలోని బట్లరు పట్టణములో శ్రీ ట్రంపుపై కాల్పులు జరిగినవి. రెండు దినముల పిమ్మట ఆయన ఒహాయో సెనేటరగు శ్రీ వాన్సును ఉపాధ్యక్ష పదవికి తన జోడుగా ఎన్నుకొనెను. జులై 21వ తేదీన శ్రీ బైడెన్ పోటీనుండి విరమించి శ్రీమతి కమలా హారిస్ పేరు సూచించిరి.

ఇక చూడవలె మన పఠన మందిరము! శ్రీమతి హారిస్ మాతృదేవి శ్యామలా గోపాలన్ తమిళ వనిత గనుక దక్షిణాది వారమైన మనము ఆమె పక్షమే యుండవలెనని కొందరు. శ్రీ వాన్సు సతీమణి ఉష చిలుకూరి వారి యాడబడుచు, పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు మూలముగా గలది గనుక తెలుగువారి ఓటు అటే యని మరికొందరు. అమెరికాలో లేని ఓటును నాందేడులో కూర్చుండి వేసినారు! తిరువారూరు జిల్లా తులసేంద్రపురములో ఒకరి కొరకు, వడ్లూరులో మరియొకరి కొరకు పూజలు జరిగినట్లు పత్రికలలో వచ్చినది. మా మేనల్లుడు వడ్లూరు ఫొటో ఫోనులో తెచ్చి చూపి, "మామా, ఇక మన పిల్లదే ఆ ఇల్లు" అన్నాడు. మేమును నవ్వి సంతోషించినాము. సత్యము దాచుటయెందుకు, ఛాతీ కొంచెము పొంగినది.

వాదమంతయు చుట్టరికము మీద నడచినది. గెలుపు అవకాశముల లెక్క తీసినది ఒక్కరే. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్న పెద్ద ఒకరు. దేశమంతటి ఓట్లు కూడి చూచుట అక్కడ పనికిరాదని ఆయన చెప్పిరి. ఎలక్టర్లు మొత్తము 538 మంది; 270 మంది దొరకినవారిదే పదవి. ఒక రాష్ట్రములో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినను ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరు ఆ అభ్యర్థికే పోవుదురు. మేన్, నెబ్రాస్కా అను రెండు రాష్ట్రములలో మాత్రమే వేరు పద్ధతి. మాకు అర్థమగుటకై ఆయన మోండా భాషలోనే చెప్పిరి: "తూకములో ఒక్క కిలో ఎక్కువ చూపినవానికి బండి మొత్తము పోవును, రెండవవానికి ఖాళీ గోనె." 2016లో శ్రీమతి హిల్లరీ క్లింటనుకు దేశము మొత్తముమీద సుమారు 29 లక్షల ఓట్లు అధికముగా వచ్చియు ఓడినది అందుకే. 2000లో ఫ్లోరిడా రాష్ట్రములో 537 ఓట్ల తేడాతో శ్రీ బుష్ అధ్యక్షుడైనదియు అందుకే. కావున చూడవలసినది ఏడు రాష్ట్రములనే యని, వాటిలో పెన్సిల్వేనియా ముఖ్యమని, ఆ రాష్ట్రమునకు 19 మంది ఎలక్టర్లని ఆయన వ్రాసి చూపిరి. ఆయన మాట వినిన వారు తక్కువ.

ఆయన మరియొక మాట చెప్పిరి. అది మా మనస్సులో నాటుకొన్నది. శ్రీమతి హారిస్ అభ్యర్థిత్వము పార్టీ ఓటర్ల పోటీలో నెగ్గి తెచ్చుకొన్నది కాదు. ప్రైమరీలు ముగిసిన పిమ్మట ప్రతినిధులు ఇచ్చినది. 1968లో ఇట్లే అధ్యక్షుడు జాన్సన్ తప్పుకొనగా, ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనైనను దిగకుండ చికాగో సభలో అభ్యర్థి అయ్యెను. వెలుపల వీధులలో లాఠీలు, లోపల కేకలు. ఆయన నిక్సన్ చేతిలో ఓడెను. ఆ పరాభవము తరువాతనే ఆ పార్టీ నియమములు మార్చుకొని, అభ్యర్థిని నిర్ణయించు అధికారమును చాలవరకు ప్రైమరీ ఓటర్లకు విడిచినది. 2024లో మరల అదే చికాగో, మరల ఉపాధ్యక్ష పదవిలోని అభ్యర్థి. ఫలితమును అట్టిదే: శ్రీ ట్రంపునకు 312, శ్రీమతి హారిస్‌కు 226. ఏడు రాష్ట్రములును ఒకే వైపు పోయినవి. పందెమునకు ఒప్పుకొన్న పేడాలు ఓడినవారు ఈనాటికిని తెచ్చినది లేదు; అది వేరు సంగతి.

ఇప్పటి వాదమునకు గూడ ఈ లెక్క కావలెను. అమెరికా రాజ్యాంగపు 22వ సవరణ 1951లో స్థిరపడినది. దాని ప్రకారము ఎవరును రెండుసార్లకు మించి అధ్యక్షుడుగా ఎన్నిక కారాదు. అందువలన 2028కి శ్రీ వాన్సు పేరు వినబడుట సహజము. కాని పదవిలోనున్న ఉపాధ్యక్షునకు పార్టీ టికెట్టు దొరకుట తేలిక, ప్రజల ఓటు దొరకుట కష్టము. 1960లో నిక్సన్, 1968లో హంఫ్రీ, 2000లో గోర్, 2024లో హారిస్ ఓడిరి. 1836లో వాన్ బ్యూరెన్ తరువాత ఉపాధ్యక్ష పదవినుండి నేరుగా ఎన్నికై అధ్యక్షుడైనవారు 1988లో పెద్ద బుష్ ఒక్కరే. ఉపాధ్యక్షుడు తన యజమాని ఖాతాలోని అప్పంతయు తాను మోయవలసి వచ్చును. వ్యాపారస్థులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంత లెక్క అమెరికాకు వేసిన మేము మన ఊరి లెక్క వేయలేదు. దానిని ఇప్పుడైనను వేయుదము.

2019లో మన నాందేడు లోక్‌సభ స్థానమునకు శ్రీ అశోక్ చవాన్ కాంగ్రెసు పక్షమున నిలిచి భాజపా అభ్యర్థి శ్రీ ప్రతాప్‌రావ్ చిఖలీకర్ చేతిలో 40,148 ఓట్లతో ఓడిరి. ముఖ్యమంత్రిగా పనిచేసినవారు, శంకర్‌రావ్ చవాన్ గారి కుమారులు. ఓడుదురని ఊరిలో ఎవరు అనుకొనిరి? మూడవవాడుగా నిలిచిన వంచిత్ బహుజన్ ఆఘాడీ అభ్యర్థికి 1,66,196 ఓట్లు పోయినవి. 2024 ఫిబ్రవరిలో శ్రీ అశోక్ చవాన్ స్వయముగా భాజపాలో చేరిరి. ఇక ఆ పార్టీకి ఎదురు లేదని మోండాలో అందరు తీర్మానించిరి. జూన్ నెలలో లెక్కించగా కాంగ్రెసు అభ్యర్థి వసంత్‌రావ్ చవాన్ 59,442 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి! ఆయన ఆగస్టులో కాలధర్మము నొందగా వచ్చినదే నవంబరు ఉప ఎన్నిక. కాంగ్రెసు ఆయన కుమారుడగు శ్రీ రవీంద్ర చవాన్‌ను, భాజపా శ్రీ సంతుక్‌రావ్ హంబర్డేను నిలిపినవి.

నవంబరు 23వ తేదీన లెక్కించగా శ్రీ రవీంద్ర చవాన్‌కు 5,86,788 ఓట్లు, శ్రీ హంబర్డేకు 5,85,331 ఓట్లు వచ్చినవి. తేడా 1,457. పదకొండున్నర లక్షల పైబడిన ఓట్లలో 1,457! మన మూడు నాలుగు వీధుల ఓట్లు అంతకు తక్కువ యుండవు. అంతకన్న వింత యేమనగా, అదే దినమున, అదే బూతులో, అదే ఓటరు శాసనసభకు వేరు మీట నొక్కినాడు. ఈ లోక్‌సభ స్థానము క్రిందనున్న భోకర్, నాందేడు ఉత్తరము, నాందేడు దక్షిణము, నాయగావ్, దేగ్లూర్, ముఖేడ్ అను ఆరు శాసనసభ స్థానములలోను మహాయుతివారే గెలిచిరి. అమెరికాలోను అదే నెలలో మిషిగాన్, విస్కాన్సిన్, అరిజోనా, నెవాడా ఓటర్లు అధ్యక్షునిగా ఒక పార్టీవానిని, సెనేటుకు మరొక పార్టీవారిని ఎన్నుకొనిరి. ఓటరు మందలోని గొర్రె కాడని నాందేడును, నెవాడాయును ఒకే మాసములో చూపినవి. మన సంఘము ఏ పార్టీకిని చెందినది కాదు. ఎవరు గెలిచిరను సంతోషమును, విచారమును మాకు లేవు. ఆ 1,457 లో మన భాగమేది యన్నదే మా ప్రశ్న.

ఆ భాగము గూర్చి చెప్పుటకు మాకు సిగ్గుగనున్నది. నవంబరు 6వ తేదీ తెల్లవారుజాము నుండి మేము దుకాణపు గద్దె మీద కూర్చుండి ఫోనులో పెన్సిల్వేనియా లెక్క చూచుచుండిన వారము. రైతు వచ్చి నిలుచున్నను తల యెత్తలేదు. నవంబరు 20వ తేదీన మాత్రము మేము ఊరిలో లేము. నిజామాబాదులో వియ్యాలవారి ఇంట పెండ్లి, కార్తీకపు ముహూర్తము. ఉదయము ఏడు గంటలకే ఓటు వేసి బయలుదేరవచ్చును గదా యని ఇంటిలో అనిరి. "ఒక్క ఓటుతో ఏమగును" అని కారు ఎక్కినాము. మా ఇంటివారు ఐదుగురు ఆ కారులోనే యుండిరి. ఆ పెండ్లిలో నాందేడునుండి వచ్చిన మనవారి వాహనములు మేము లెక్కించినవే తొమ్మిది. భోజనముల వద్ద మాటలేమనగా, శ్రీ ట్రంపు మంత్రివర్గములో ఎవరెవరుందురని!

చుట్టరికపు గర్వము మనకు క్రొత్త గాదు. అది మంచి పనిచేసిన సందర్భములును ఉన్నవి. 1991లో పాములపర్తి వేంకట నరసింహారావు గారు ప్రధానియై నంద్యాలలో పోటీచేసినపుడు, తెలుగువాడు ప్రధాని యైనాడని ఎన్.టి. రామారావు గారు తమ పార్టీ అభ్యర్థిని నిలుపలేదు. కాని ఆ నరసింహారావు గారే 1984లో తన సొంత ప్రాంతమగు హనుమకొండలో శ్రీ జంగారెడ్డి చేతిలో ఓడిరి. అదే ఎన్నికలలో మన మహారాష్ట్రలోని రాంటెక్ మరాఠీ ఓటర్లు ఆయనను గెలిపించిరి, 1989లో మరల గెలిపించిరి. సొంత భాషవారు కాదన్నవానిని పరభాషవారు ఔనన్నారు. 2023 ఫిబ్రవరి 5వ తేదీన శ్రీ కె. చంద్రశేఖరరావు నాందేడు వచ్చి పెద్ద సభ జరిపినపుడు మన ఇండ్లలో ఎంత సందడి! తెలంగాణ ముఖ్యమంత్రి మన గోదావరి గట్టుకు వచ్చినాడనిరి. ధర్మాబాదు, బిలోలి వైపు నుండి జనము తరలివచ్చిరి. అదే సంవత్సరము డిసెంబరులో ఆయన పార్టీ తెలంగాణలో ఓడగనే ఆ సందడి సద్దుమణిగినది. సభలో మన బడుల మాట ఎత్తవలెనని ఆనాడు ఎవరికిని తోచలేదు, మాకును తోచలేదు.

అమెరికా చుట్టరికపు ఫలమును చూచితిమి. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినది. అదే నెలలో మన కేంద్ర ప్రభుత్వము మిల్లుల మేలుకోరి విదేశీ ప్రత్తిపైనున్న 11 శాతము దిగుమతి సుంకమును ఆ యేడు చివరివరకు ఎత్తివేసినది. ఆ పంటకాలమున భోకర్ నుండి, కిన్వట్ నుండి ప్రత్తి తెచ్చిన రైతుకు బయటి బేరములో దొరకిన ధర, 8,110 రూపాయల మద్దతు ధరకు చాల దిగువ. సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధించిరి. ఆ రాత్రి మన యిండ్లలో ఎందరు తలిదండ్రులు నిదురపోలేదో సంఘీయులకు తెలియును. ఇందులో శ్రీమతి ఉషా వాన్సు దోషమేమియు లేదు. శాన్‌డియాగోలో పుట్టి పెరిగిన ఆమెకు మన మోండా ధరతో నిమిత్తమేమి? ఆమె మీద ఆశ పెట్టుకొనుమని మనకు చెప్పినదెవరు?

ఇక మన పని యేమి? అమెరికాలో సామాన్య ఓటరు అభ్యర్థిని నిలుపు దశలోనే చేయి వేయవచ్చును. మన యొద్ద టికెట్టు ముంబయిలోనో, ఢిల్లీలోనో నిశ్చయమై, తండ్రి పిమ్మట కొడుకునకో కూతురునకో చేరుచున్నది. మనము దానిని మార్చలేకపోవచ్చును. కాని పేరు బయటపడిన దినమునుండి పోలింగు వరకు నున్న రెండు మూడు వారములు మనవే. ఆ వారములలో అభ్యర్థులు అడ్డగోడలులేక మన దుకాణములకు వచ్చి చేతులు జోడించుదురు. మనము చాయి ఇచ్చి, హారము వేసి, ఫొటో తీయించుకొని పంపివేయుదుము.

అడుగవలసిన ప్రశ్న మన యొద్ద సిద్ధముగ నున్నది. 1956లో హైదరాబాదు రాష్ట్రము విడిపోయి మన జిల్లా బొంబాయి రాష్ట్రములో, 1960లో మహారాష్ట్రములో చేరినది. ఆ 1956లోనే రాజ్యాంగమునకు చేర్చిన 350-ఏ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు వసతి కల్పింపవలెనని చెప్పుచున్నది. బడిలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుండిన చాలునని అప్పటినుండి ఒప్పుకొన్న నియమము. ధర్మాబాదు, బిలోలి, దేగ్లూరు తాలూకాలలో పదిమంది తెలుగు పిల్లలు ఒక తరగతిలో దొరకని ఊళ్లెన్ని? "ఏయే బడిలో తెలుగు పంతులును వేయింతురు, ఎప్పటికి?" అని ఇద్దరు అభ్యర్థులను ఒకే మాట అడిగి, వారి సమాధానము ఈ పత్రికలో పక్కపక్కన అచ్చువేసిన ఓటరు తానే చూచుకొనును. 1,457 తేడా గల ఊరిలో ఆ ప్రశ్నను త్రోసివేయు ధైర్యము ఏ అభ్యర్థికిని ఉండదు.

మన పెద్దలలో కొందరికి దీనియందు జంకున్నది. తరతరములుగా మరాఠీ సోదరులతో కలసి యున్నాము, వారి బడులలో చదివినాము, ఇప్పుడు వేరు జెండా ఎత్తినట్లగునని వారి భయము. ఆ భయమును మేము తేలికగ చూడము. మా మెట్రిక్యులేషను మరాఠీలోనే అయినది. మా దుకాణపు చిట్టా ఈనాటికిని మరాఠీలోనే వ్రాయుచున్నాము. కాని మనము అడుగునది మరాఠీకి బదులుగ కాదు. నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాలలోని మరాఠీ కుటుంబముల పిల్లలకు వర్తించునదియు ఇదే నియమము. అక్కడ వారికి న్యాయమైనది ఇక్కడ మనకు అన్యాయమెట్లగును? కిన్వట్ వైపు మనవారు హింగోలి లోక్‌సభ స్థానములో ఓటు వేయుదురు గనుక ఆ అభ్యర్థులను గూడ వేరుగ అడుగవలసియుండును. ఆ బాధ్యత అక్కడి సభ్యులు తీసికొందురని ఆశించుచున్నాము.

2028 అభ్యర్థుల మీది వాదము సాగనిండు, మేమును వత్తుము. రైల్వే పెద్దగారిని ఈసారి నల్లబల్ల యొద్ద నిలుపవలెనని కార్యవర్గములో అనుకొన్నాము. అంతకు ముందు వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు పఠన మందిరములో మన వీధుల ఓటర్ల జాబితా బల్లమీద నుండును. పేరు లేనివారికి 6వ నమూనా, తప్పు గలవారికి 8వ నమూనా కాగితములు సిద్ధముగ నుండును. నింపుటకు ఇద్దరు యువకులు ఒప్పుకొన్నారు. ఇంటివారందరి గుర్తింపు కార్డులు తీసికొని రావలెను. మా ఇంటి ఐదు పేర్లలో రెండు తప్పుగ నున్నవని మొన్ననే తెలిసినది. వాటితోనే పని మొదలుపెట్టుదుము.